తారు మందూ డయాక్సిన్ విషమూ ఒకే రిసెప్టర్ మీద పనిచేస్తాయట, మందు మానెయ్యాలా?

ప్రశ్న: నా వయసు 49. తెనాలిలో టైలరింగ్ షాపు నడుపుతున్నాను. చాలా ఏళ్లుగా తల మీద, మోచేతుల మీద సోరియాసిస్ ఉంది. డాక్టరుగారు రాసిన కోల్ తార్ లోషన్ తలకి, ఆయింట్‌మెంటు మోచేతులకి రాస్తుంటాను. వాసన భరించలేం గానీ బాగానే అదుపులో ఉండేది. మా అమ్మాయి వైజాగ్‌లో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడు ఆ సీసా చూసి, "అమ్మా, ఇది ఆరిల్ హైడ్రోకార్బన్ రిసెప్టర్ మీద పనిచేస్తుంది. డయాక్సిన్ అనే విషం కూడా దాని మీదే పనిచేస్తుంది. క్యాన్సర్ వస్తుంది, మానెయ్" అంది. భయమేసి మానేశాను. నెల తిరక్కుండానే మళ్లీ పొట్టు రాలుతోంది. ఇది చూసి మా ఆడపడుచు ఆన్‌లైన్‌లో నీలి చూర్ణం క్యాప్సూల్స్ తెప్పించి ఇచ్చింది. అవి కూడా అదే రిసెప్టర్‌ని మేల్కొలుపుతాయని డబ్బా మీద రాసుంది! క్యాబేజీ తిన్నా అదే పని జరుగుతుందని ఇంకెవరో అన్నారు. ఎవరి మాట వినాలి? అన్నట్టు, ఈ మధ్య పొద్దున్న లేవగానే వేళ్లు పట్టేసి కత్తెర పట్టుకోవడం కష్టంగా ఉంటోంది. కుట్టుపని వల్లే అనుకుంటున్నాను.
– పేరు వద్దు, తెనాలి

సమాధానం: అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. డాక్టరు రాసిన తారు మందుని ఈ భయంతో మానక్కర్లేదు, మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఆ క్యాప్సూల్స్ మాత్రం వేసుకోకండి. మీరు చివర్లో "అన్నట్టు" అని రాసిన వేళ్ల సంగతి మిగతా వాటన్నిటికంటే ముఖ్యం, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

మీ అమ్మాయి చదివినదాంట్లో తప్పేం లేదు. తారు పనిచేసేది ఆ రిసెప్టర్ మీదే. డయాక్సిన్ అతుక్కునేదీ దానికే. అయితే ఈ రెండు నిజాలూ కలిపి "కాబట్టి తారు కూడా డయాక్సిన్ లాంటిదే" అనుకోవడం దగ్గర లెక్క తప్పింది. అది ఎందుకు తప్పో తెలియాలంటే ఆ రిసెప్టర్ చేసే పని కొంచెం తెలియాలి.

పేరు నోరు తిరగదు గానీ విషయం అంత కష్టమైంది కాదు. ఇది మన కణాల్లో ఉండే ఒక ప్రోటీన్. చర్మం, పేగు, ఊపిరితిత్తులు, కాలేయం, అంటే బయటి నుంచి వచ్చే సరుకుని ముందుగా ఎదుర్కొనే చోట్ల దీనికి పని ఎక్కువ. పని లేనప్పుడు హెచ్‌ఎస్‌పీ-90 లాంటి తోడు ప్రోటీన్లను పట్టుకుని కణద్రవ్యంలో ఊరికే ఉంటుంది. తనకు సరిపడే అణువు వచ్చి అతుక్కోగానే కేంద్రకంలోకి వెళ్లి, ఏఆర్ఎన్‌టీ అనే ఇంకో ప్రోటీన్‌తో జతకట్టి, డీఎన్‌ఏ మీద తనకు గుర్తులున్న చోట కూర్చుని కొన్ని జన్యువుల్ని పనిలోకి దింపుతుంది. అలా పనిలోకి దిగేవాటిలో ముందు చెప్పుకోవలసింది సీవైపీ-1ఏ1 అనే ఎంజైమ్ తయారుచేసే జన్యువు. ఆ ఎంజైమ్ చేసే పనేమిటంటే, రిసెప్టర్‌ని లేపిన ఆ అణువునే పట్టుకుని, దాని రూపం మార్చి, ఒంట్లోంచి బయటకి పోయేలా చేయడం. లేపినవాడిని సాగనంపే ఏర్పాటు కూడా లేచినవాడే చేస్తాడన్నమాట. నేను చెప్పబోయే మిగతా సంగతులన్నీ ఈ ఒక్క ఏర్పాటు మీదే ఆధారపడి ఉన్నాయి.

దీనికి చెడ్డపేరు పుట్టుకతోనే వచ్చింది. 1976లో అమెరికాలో ఆలన్ పోలాండ్, ఆయన సహచరులు రేడియో ధార్మికత ఉన్న డయాక్సిన్‌ని వాడి, అది ఎలుక కాలేయంలో దేనికి అతుక్కుంటోందో వెతుకుతూ దీన్ని పట్టుకున్నారు. సరిగ్గా అదే ఏడాది జులై 10న ఇటలీలో సెవెసో ఊరి దగ్గర రసాయనాల ఫ్యాక్టరీలోంచి డయాక్సిన్ మేఘం లేచి చుట్టుపక్కల ఊళ్ల మీద పడింది. పిల్లల ముఖాల మీద క్లోరాక్నే అనే మొండి మొటిమలు లేచాయి. దాంతో ఈ రిసెప్టర్ అంటే విషానికి తలుపు తీసే ప్రోటీన్ అనే అభిప్రాయం చాలాకాలం నిలిచిపోయింది. కానీ డయాక్సిన్ కోసమని ఒక ప్రోటీన్‌ని ఒళ్లు ఎందుకు తయారుచేసుకుంటుంది? దానికి సొంత పని ఏదో ఉండాలి కదా.

ఆ జవాబు స్వీడన్ నుంచి వచ్చింది. 1987లో అగ్నెటా రానుగ్ బృందం ట్రిప్టోఫాన్ మీద వెలుతురు పడేలా చేసి చూసింది. ట్రిప్టోఫాన్ అంటే మనం తినే పప్పులోనూ గుడ్డులోనూ పాలలోనూ ఉండే మామూలు ఎమైనో ఆమ్లమే. అల్ట్రావయొలెట్ కిరణాలు తగిలినప్పుడు దాన్నుంచి పుట్టే ఒక పదార్థం ఈ రిసెప్టర్‌కి డయాక్సిన్ కంటే గట్టిగా అతుక్కుంటుందని తేలింది. ఎండ తగిలిన చర్మంలో అలాంటిది పుట్టగలదన్నమాట. మరి అంత గట్టిగా అతుక్కునేది విషం ఎందుకు కాలేదు? ఇందాక చెప్పిన ఎంజైమ్ దాన్ని చూస్తూండగానే నమిలేస్తుంది కాబట్టి. రిసెప్టర్ కాసేపు మేలుకుంటుంది, పని చేస్తుంది, పడుకుంటుంది.

డయాక్సిన్‌కి చుట్టూ క్లోరిన్ పరమాణువులు కాపలా. ఎంజైమ్ పన్ను దిగదు. కొవ్వులో చేరి కూర్చుంటుంది. మామూలుగా మనిషి ఒంట్లో అది సగానికి తగ్గడానికే సుమారు ఏడేళ్లు పడుతుంది. కాఫీ తాగి సాయంత్రానికి వెళ్లిపోయే చుట్టానికీ, పెట్టేబేడాతో దిగి ఏడేళ్లు తిష్ట వేసే చుట్టానికీ ఇంటి మీద పడే భారం ఒకటేనా? తలుపు తట్టడం మాత్రం ఇద్దరూ ఒకేలా తడతారు.

ఆ భారం ఎలా ఉంటుందో ప్రపంచమంతా ఒకరి ముఖంలో చూసింది. 2004లో ఉక్రెయిన్ అధ్యక్ష ఎన్నికల్లో పోటీ చేస్తున్న విక్టర్ యుష్‌చెంకో మీద డయాక్సిన్ విషప్రయోగం జరిగింది. ఆయన రక్తంలో అది మామూలు మనుషుల్లో ఉండేదానికి 50 వేల రెట్లు ఉంది. వారాల్లోనే ఆ ముఖం బూడిదరంగు గడ్డలతో గుర్తుపట్టలేనట్టు తయారైంది. రిసెప్టర్ ఎడతెగకుండా పనిచేస్తే చర్మంలోని నూనె గ్రంథుల్లో కణాలు తమ పని మరిచి పొట్టు కణాలుగా మారిపోతాయి. గ్రంథి ఎండిపోయి, ఆ చోట తిత్తి మిగులుతుంది. క్లోరాక్నే అంటే అదే. మీరు ఏళ్ల తరబడి తారు రాశారు. అలాంటిదేమీ రాలేదు కదా.

ఇక తారు సంగతి. దీని చరిత్ర తమాషాగా ఉంటుంది. 1915లో జపాన్‌లో యమగివా, ఇచికావా అనే ఇద్దరు కుందేళ్ల చెవులకి నెలల తరబడి తారు పూసి క్యాన్సర్ తెప్పించి చూపించారు. ఒక రసాయనంతో క్యాన్సర్ పుట్టించవచ్చని ప్రయోగంలో రుజువు చేసిన మొదటి సందర్భం అది. సరిగ్గా పదేళ్లకి, 1925లో, అమెరికాలో మేయో క్లినిక్‌లో విలియం గోకర్‌మన్ అదే తారుని సోరియాసిస్ రోగులకి పూసి, అల్ట్రావయొలెట్ కాంతి చూపించి జబ్బు తగ్గించారు. కుందేలు చెవికి క్యాన్సర్ తెచ్చిందీ మనిషి చర్మానికి మేలు చేసిందీ ఒకే సరుకు. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్న వాదన వందేళ్ల నాటిది.

మీ అమ్మాయికి ఇంకో నిజం కూడా తెలిసే ఉంటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. తారులో బెంజోపైరీన్ లాంటి పదార్థాలుంటాయి. పొగాకు పొగలోనూ అవే. ఇందాక చెప్పిన ఎంజైమ్ వీటిని అరిగించే క్రమంలో డీఎన్‌ఏకి అతుక్కునే ముక్కలు పుడతాయి. 2000లో జపాన్‌లో ఈ రిసెప్టర్ లేకుండా పుట్టించిన ఎలుకలకి బెంజోపైరీన్ ఇస్తే కణితులు రాలేదు. అంటే ఆ క్యాన్సర్‌కి దారి ఈ రిసెప్టర్ మీదుగానే ఉంది. తారు బట్టీల దగ్గర, రోడ్డు పనుల్లో వేడి తారు ఆవిరి ఏళ్లకేళ్లు పీల్చే కూలీలకి ముప్పు ఉన్నది నిజం. వాళ్ల గురించి మనం భయపడాల్సినంతగా భయపడటం లేదని కూడా నా అభిప్రాయం.

కానీ మీరు అడిగింది చర్మానికి కొద్దిగా రాసుకునే మందు గురించి. దానికి జవాబు ఎలుకల్లో కాదు, మనుషుల్లో వెతకాలి. వెతికారు కూడా. నెదర్లాండ్స్‌లో సోరియాసిస్, ఎగ్జిమా ఉన్న 13,200 మంది వివరాలు ఏళ్ల తరబడి గమనించి 2010లో ఫలితాలు ప్రచురించారు. తారు వాడినవాళ్లలో, వాడనివాళ్లతో పోలిస్తే చర్మ క్యాన్సర్ గానీ మరో క్యాన్సర్ గానీ ఎక్కువ కనిపించలేదు. మీకు నేను ధైర్యంగా చెప్పగలుగుతున్నది ఆ అధ్యయనం చూసుకునే.

మరి మేలు ఎలా చేస్తోంది? ఎనభై ఏళ్లకి పైగా ఎవరికీ సరిగ్గా తెలియదు, వాడుతూ పోయారు. 2013లో మళ్లీ నెదర్లాండ్స్‌లోనే, ఎగ్జిమా రోగుల చర్మకణాల మీద తారు వేసి చూశారు. అది ఈ రిసెప్టర్‌ని లేపి, ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ తయారీ పెంచింది. చర్మపు పై పొర గట్టిగా, తడి ఆరకుండా ఉండటానికి కావలసిన సరుకు అది. మరుసటి ఏడాది లండన్ శాస్త్రవేత్తలు సోరియాసిస్ రోగుల చర్మపు ముక్కల్లో చూస్తే, రిసెప్టర్‌ని లేపినప్పుడు వాపు సంకేతాలు తగ్గాయి, అణిచినప్పుడు పెరిగాయి. రిసెప్టర్ లేని ఎలుకల్లో సోరియాసిస్ లాంటి వాపు ఇంకా ఉధృతంగా వచ్చింది. అంటే మీ చర్మంలో ఇది శత్రువు పక్షాన లేదు.

ఇంకా మంచి విషయం, తారులోని చెత్తంతా లేకుండా ఈ రిసెప్టర్‌ని మాత్రమే తట్టే మందు ఒకటి ఇప్పటికే వచ్చింది. పేరు టాపినరాఫ్. పురుగుల్ని చంపే సన్నటి మట్టి నులిపురుగులు కొన్ని ఉంటాయి, వాటి కడుపులో చీకట్లో మెరిసే బ్యాక్టీరియా కాపురముంటుంది. ఆ బ్యాక్టీరియా తయారుచేసే అణువే ఇది. క్రీము రూపంలో 2022 మే నెలలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెద్దవాళ్ల సోరియాసిస్‌కి అనుమతించింది, 2024 డిసెంబరులో పెద్దవాళ్లకీ రెండేళ్లు నిండిన పిల్లలకీ ఎగ్జిమాకి కూడా. దీని రెండు పెద్ద ట్రయల్స్‌లో 12 వారాలకి 35 నుంచి 40 శాతం మందికి చర్మం పూర్తిగా లేదా దాదాపుగా తేటపడింది. మందు లేని క్రీము రాసినవాళ్లలో అది 6 శాతమే. ఇబ్బందీ ఉంది, సుమారు ఐదుగురిలో ఒకరికి వెంట్రుక కుదుళ్ల దగ్గర చిన్న కురుపులు వచ్చాయి. తారుకీ అదే అలవాటు. మీకది అవసరమా అన్నది మీ చర్మ డాక్టరు తేల్చాలి. పాత మందు పనిచేస్తోంటే కొత్తదాని కోసం పరిగెత్తక్కర్లేదని నేనంటాను.

తారు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు గుర్తుంచుకోవలసినవి కొన్ని. రాత్రి పూట రాసి, డాక్టరు చెప్పినంతసేపు ఉంచి, కడిగేయండి. ముఖానికి, చంకల్లో, గజ్జల్లో, పగిలి రక్తమొస్తున్న చోట వద్దు. తారు తగిలిన చర్మం ఎండకి తొందరగా కమిలిపోతుంది. గోకర్‌మన్ దాన్ని వైద్యంగా వాడుకున్నారు గానీ అది కొలత ప్రకారం ఆస్పత్రిలో చేసిన పని. మీరు మోచేతులకి రాసిన మర్నాడు పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంటే చాలు. దిండుకి పాత గలేబు వేయండి, ఆ మరక పోదు. కస్టమర్ల బట్టల సంగతి మీకు నేను చెప్పాలా! చీముపొక్కులు లేచినా, ఒళ్లంతా ఎర్రబడినా మందు ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇప్పుడు మీ ఆడపడుచుగారి క్యాప్సూల్స్. నీలి నుంచి తీసిన పొడిలో ఇండిరుబిన్ అనే పదార్థం ఉంటుంది, అది ఈ రిసెప్టర్‌ని గట్టిగానే తడుతుంది. డబ్బా మీద రాసింది అబద్ధం కాదు, అందుకే నాకు టెన్షన్. జపాన్‌లో పెద్దపేగు పుండ్ల జబ్బుకి కొందరు నీలి పొడిని మింగుతూ వచ్చారు. జబ్బు తగ్గింది కూడా. కానీ వాళ్లలో కొందరికి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరిగిపోయే ప్రమాదకరమైన జబ్బు వచ్చింది. 2016 డిసెంబరులో అక్కడి ఆరోగ్య శాఖ హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. గోరింటాకులో నీలి పొడి కలిపి జుట్టుకి పెట్టుకోవడం వేరు, రోజూ మింగడం వేరు. చర్మానికి రాస్తే రిసెప్టర్ ఆ చోటే మేలుకుంటుంది. మింగితే కాలేయం, ఊపిరితిత్తులు, రోగనిరోధక కణాలు, అన్నిచోట్లా మేలుకుంటుంది. కొన్ని మెదడు కణితులు ట్రిప్టోఫాన్‌ని కైన్యురెనిన్ అనే పదార్థంగా మార్చి, ఇదే రిసెప్టర్ ద్వారా రోగనిరోధక శక్తిని జోకొడతాయని 2011లో జర్మనీ శాస్త్రవేత్తలు చూపించారు. "రిసెప్టర్‌ని మేల్కొలుపుతుంది" అన్న ముక్క ఒక్కటే పట్టుకుని మంచిదా చెడ్డదా అని ఎవరూ చెప్పలేరు. ఎక్కడ, ఎంతసేపు, దేనితో అన్నది చూడాలి. ఆడపడుచుగారికి నొప్పి కలగకుండా డాక్టరు వద్దన్నారని చెప్పేయండి, నా పేరు చెప్పినా పర్లేదు.

రిసెప్టర్‌ని తట్టడమే మేలైతే సిగరెట్ తాగేవాళ్లకి సోరియాసిస్ రాకూడదు. జరిగేది దానికి తలకిందులు, పొగ ఆ జబ్బుని పెంచుతుంది. ఇంట్లో ఎవరైనా పొగతాగేవాళ్లుంటే వాళ్లకి పనికొచ్చే ముక్క ఒకటి: పొగ ఈ రిసెప్టర్ ద్వారానే కాలేయంలో సీవైపీ-1ఏ2 అనే ఎంజైమ్‌ని పెంచుతుంది, కాఫీలోని కెఫీన్‌ని అరిగించేది అదే. సిగరెట్లు మానిన వారంలో "నిద్ర పట్టట్లేదు, గుండె దడ" అనేవాళ్లలో కొందరికి కారణం, కాఫీ మోతాదు పాతదే ఉండి ఎంజైమ్ తగ్గిపోవడం. క్లోజపిన్, ఓలాంజపిన్ లాంటి మానసిక వైద్యం మందులు వాడేవాళ్లు పొగ మానేముందు డాక్టరుకి తప్పకుండా చెప్పాలి, మోతాదు మార్చాల్సి రావచ్చు.

క్యాబేజీకి వస్తే, తినండి. క్యాబేజీ, కాలిఫ్లవర్, బ్రొకోలీ కోసినప్పుడు, నమిలినప్పుడు పుట్టే ఇండోల్ పదార్థం కడుపులోని ఆమ్లం తగిలి ఈ రిసెప్టర్‌ని తట్టే రూపంలోకి మారుతుంది. అలాంటి కూరలు బొత్తిగా లేని తిండి పెట్టిన ఎలుకల్లో పేగు గోడకి కాపలా ఉండే కణాలు తగ్గిపోయాయని, ఆ పదార్థం కలిపితే తిరిగొచ్చాయని 2011లో తేలింది. అది పేగు సంగతి. క్యాబేజీ కూరతో మోచేతి మీద పొట్టు తగ్గుతుందని ఎవరూ చూపించలేదు. పెసరపప్పు వేసి చేసుకుంటే రుచిగా ఉంటుంది, ఆ కారణం చాలు.

డయాక్సిన్ భయం మాత్రం మీ అమ్మాయి వదులుకోనక్కర్లేదు, గురి మార్చుకుంటే సరిపోతుంది. పీవీసీ తొడుగున్న వైర్లు, ప్లాస్టిక్ చెత్త తగలబెట్టినప్పుడు డయాక్సిన్లు పుడతాయి. అవి గడ్డి మీద, నీటిలో పడి, పశువుల్లో, చేపల్లో కొవ్వుకి చేరి, మన కంచంలోకి వస్తాయి. మనిషికి చేరే డయాక్సిన్‌లో 90 శాతానికి పైగా ఇలా తిండి ద్వారా వచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ షాపులో మిగిలే సింథటిక్ ముక్కలూ, ప్లాస్టిక్ కవర్లూ సాయంత్రం పూట వీధి చివర కుప్పలో మంట పాలు కాకుండా మున్సిపాలిటీ బండికి వేయండి.

ఇక మీ వేళ్లు. పనివల్ల వచ్చే నొప్పి మామూలుగా సాయంత్రానికి పెరుగుతుంది, రాత్రి పడుకుంటే తగ్గుతుంది. మీది పొద్దున్నే ఎక్కువగా ఉందంటున్నారు. సోరియాసిస్ ఉన్నవాళ్లలో కొంతమందికి, దాదాపు 30 శాతం వరకూ అని అంచనా, కీళ్లలోకి కూడా ఆ జబ్బు దిగుతుంది. సోరియాటిక్ ఆర్థరైటిస్ అంటారు. తల మీద, గోళ్లలో సోరియాసిస్ ఉన్నవాళ్లకి ఆ అవకాశం ఎక్కువ. ఒకసారి వెలుతురులో మీ గోళ్లు చూసుకోండి. గుండుసూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలున్నాయా, చివర్లు మాంసం నుంచి విడిపోయి పసుపురంగుకి తిరిగాయా? ఏదైనా వేలు మొత్తంగా వాచి లావెక్కిందా? పొద్దున్న పట్టేసిన వేళ్లు వదలడానికి అరగంట పైన పడుతోందా? వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా ఆలస్యం చేయకండి. పైన చెప్పినవేవీ, తారూ క్రీమూ క్యాబేజీ, కీళ్ల దాకా పోవు. ఆ జబ్బుని వదిలేస్తే ఎముక అరిగి వేలు వంకరపోతుంది. పోయిన ఎముక తిరిగి రాదు, మీ జీవనోపాధి ఆ వేళ్ల మీదే ఉంది.

ముందు మీ చర్మ డాక్టరుకే చెప్పండి, ఆయన కీళ్ల వైద్యుడి దగ్గరికి, అంటే రుమటాలజిస్టు దగ్గరికి పంపుతారు. గుంటూరు, విజయవాడల్లో ఉన్నారు. అక్కడ మెథోట్రెక్సేట్, లెఫ్లునమైడ్ లాంటి మందుల ప్రస్తావన రావచ్చు. లెఫ్లునమైడ్ కూడా ఈ రిసెప్టర్‌కి అతుక్కుంటుందని ప్రయోగశాలల్లో తేలిందని మీ అమ్మాయి రేపు చదివినా కంగారుపడకండి. ఈలోగా నొప్పికని మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు తెచ్చుకోవద్దు. అవి ఆపినప్పుడు సోరియాసిస్ ఒక్కసారిగా ఒళ్లంతా ఎగదన్నగలదు. ఇంకో మాట, ఈ జబ్బులో ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష సాధారణంగా నెగటివే వస్తుంది. ఎవరైనా ఆ కాగితం చూసి "మీకు వాతం లేదు, వయసు నొప్పులే" అంటే, కొప్పు విప్పి తల చూపించండి.